క్రిములు చెప్పిన వేళ

"ఈ ట్యూబు అబద్ధం చెబుతోంది," అన్నాడు ప్రొఫెసర్.

మరుక్షణమే తల అడ్డంగా ఊపి తనే దిద్దుకున్నాడు. "కాదు, కాదు. ట్యూబులో ఉన్నవి నిజమే చెబుతున్నాయి. పైన అంటించిన కాగితం అబద్ధం చెబుతోంది."

ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుని, కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది. మూడు రోజులుగా ఆమెకు జలుబు వదలడం లేదు. ఈ పరిశోధనశాలలో చాలామంది ఆమె ఏడుస్తోందనుకుని మంచినీళ్లు తెచ్చిస్తున్నారు. ఆమె కాదనకుండా తాగుతోంది. ఎవరో ఒకరికి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తున్నప్పుడు వద్దనడం ఎందుకని.

చనిపోయిన శాస్త్రవేత్తను ఇక్కడ అందరూ అక్క అనేవాళ్లు. వయసులో పెద్దవాడైన ప్రొఫెసర్‌ది కూడా అదే పిలుపు. నేలమాళిగలోని ట్యాంకు గది ఆమెది. సోమవారం పొద్దున ఊడ్చే మనిషి ఆ గది తలుపు అద్దంలోంచి లోపలికి చూసి కేక పెట్టింది. అక్క ట్యాంకు పక్కన నేల మీద ఒక చెయ్యి తల కింద పెట్టుకుని, నిద్రపోతున్నట్టే ఉంది.

ఆ ట్యాంకులో పెరిగే బ్యాక్టీరియా ఆక్సిజన్ తగిలితే బతకవు. అందుకని ట్యాంకులోకి ఎప్పుడూ నైట్రోజన్ పంపుతుంటారు. ఆ నైట్రోజన్ ఎక్కడో కారి గదంతా నిండింది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఊపిరాడడం లేదని కూడా తెలియదు. మనిషి ఉన్నచోట ఉన్నట్టే పడిపోతాడు.

ఎప్పుడు పడిపోయిందన్న సంగతి మాత్రం పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పలేకపోయాడు. బ్యాక్టీరియా కోసం ఆ గదిని మనిషి ఒంటి వేడిలోనే ఉంచుతారు. ఒళ్లు ఎంత చల్లబడిందో చూసి వేళ కట్టడం ఇక్కడ కుదరదని చేతులెత్తేశాడు. దాంతో అందరూ ఫ్రీజర్లో దొరికిన ఆఖరి ట్యూబును పట్టుకున్నారు. దాని మీద "ఆదివారం, రాత్రి ఎనిమిది" అని ఉంది. ఎనిమిదింటికి నమూనా తీసిందంటే ఎనిమిదింటికి బతికే ఉన్నట్టు కదా.

"నాకర్థమయ్యేలా చెప్పండి," అంది ఇన్‌స్పెక్టర్.

"ఈ బ్యాక్టీరియా చక్కెర తిని రెండు పనులు చేస్తాయమ్మా. మొదట ఆమ్లాలు తయారుచేస్తాయి. ఆ పులుపు పెరిగి పెరిగి వాటి ప్రాణం మీదికే వస్తుంది. అప్పుడు ఆ పని ఆపేసి, అవే ఆమ్లాల్ని మళ్లీ లోపలికి లాక్కుని బ్యూటనాల్ చేయడం మొదలుపెడతాయి. మనకి కావాల్సింది అదే. రంగులకీ, ఇంధనానికీ పనికొస్తుంది."

"ఒకటి ఆపి ఇంకోటి మొదలుపెట్టమని వాటికి ఎవరు చెబుతారు?"

"వాటి జన్యువులే. వేలల్లో ఉంటాయి. అన్నీ ఒకేసారి మేలుకుని ఉండవు. మేలుకున్న జన్యువు ఫలానాది తయారుచెయ్యమని చీటీ రాసి పంపుతుందనుకోండి. ఆ చీటీ నిమిషాల్లో చిరిగిపోతుంది. అందుకే నమూనాని తీసిన క్షణంలోనే గడ్డకట్టించేస్తాం. అప్పుడున్న చీటీలు అప్పుడున్నట్టే ఉండిపోతాయి. నిన్నటి నుంచి నేను చదువుతున్నది వాటినే."

"ఏం రాసుంది?"

"అన్నీ ఆమ్లం చీటీలే. బ్యూటనాల్‌ది ఒక్కటంటే ఒక్కటి లేదు."

"అది ఎప్పుడు మొదలవ్వాలి?"

"సాయంత్రం నాలుగింటికి. మొదలైంది కూడా. ట్యాంకులో పులుపు కొలిచే మీటరు ఉంది. ఆదివారం నాలుగింటి నుంచి పులుపు తగ్గుతున్నట్టు చూపిస్తోంది. రాత్రి ఎనిమిదింటి నమూనాలో ఉత్త ఆమ్లం చీటీలు ఉండటం జరిగే పని కాదు."

"ఒక్కోసారి ఆలస్యం కావచ్చుగా?"

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వేరేవాళ్ల ట్యాంకుల్లో అవుతుంది. ఒకరోజు మూడింటికి, ఒకరోజు ఏడింటికి. ఒక్కోసారి అసలు ఆ మలుపే రాదు, పులుపులోనే చచ్చిపోతాయి. అక్క ఇక్కడ చేరిన దగ్గర్నుంచీ చేసిన పనల్లా ఆ మలుపుని గడియారంలా నిలబెట్టడమే. ఒకే ఒక్క జన్యువుని పట్టుకుని కూర్చుంది, ఇన్నేళ్లూ. మేం వేళాకోళం చేసేవాళ్లం. నీ పెళ్లికి కూడా నాలుగు దాటాకే ముహూర్తం పెట్టాలేమో అని." ఆయన కళ్లు నులుముకున్నాడు. "పోయిన ఏడాది కుదిరింది. అప్పట్నుంచీ ఒక్కసారి కూడా తప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ కాగితం మీది వేళను మళ్లీ చదివింది. తాను చనిపోయిన వేళను పట్టిచ్చే పనిని ఆ మనిషి బతికినన్నాళ్లూ తన చేతులతోనే చేసుకుంది.

"ఇంకో సంగతి," అన్నాడు ప్రొఫెసర్. "తను ప్రతిసారీ రెండు ట్యూబులు తీస్తుంది. ఒకటి చదవడానికి, ఒకటి దాచడానికి. ఫ్రీజర్లో పొద్దుటివి రెండున్నాయి. మధ్యాహ్నం మూడింటిది ఒక్కటే ఉంది. ఎనిమిదింటిదీ ఒక్కటే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివాను. కవల పిల్లల్లా ఉన్నాయి."

"అంటే మూడింటి జతలో ఒకదానికి ఎవరో ఎనిమిది అని కాగితం అంటించారు."

"అంతే."

"మూడింటికి ఆవిడ బతికుంది. ఆ తర్వాత బతికున్నట్టు ఎక్కడా లేదు. కాగితం ఎవరి రాత?"

"ప్రింటర్లో తీస్తాం. ఎవరైనా తియ్యొచ్చు."

"ఫ్రీజరు తాళం?"

"మూడు తాళాలు. ఒకటి అక్క దగ్గర, ఒకటి నా దగ్గర. ఆదివారం నేను ఊళ్లో లేను."

"మూడోది?"

ప్రొఫెసర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "చిన్నప్పటి నుంచీ అక్కే పెంచిందమ్మా దాన్ని," అన్నాడు. "కొంచెం మెల్లగా అడగండి."

* * *

ఆ మూడో తాళం మనిషి దగ్గరికి వెళ్లే ముందు ఇన్‌స్పెక్టర్ నేలమాళిగకు దిగింది. మెట్ల మీదే ఆమెకు స్పానర్ల చప్పుడు వినిపించింది.

ట్యాంకు గది తలుపు బార్లా తెరిచి ఉంది. పైన గాలి లాగే ఫ్యాను తిరుగుతోంది. ఇద్దరు మెకానిక్కులు ట్యాంకు చుట్టూ ఉన్న పైపుల్ని విప్పడానికి సిద్ధంగా నిలబడ్డారు. వాళ్ల వెనక, ఊళ్లో గ్యాసు వాడే చోట్లన్నీ చూసే భద్రతాధికారి ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో ఫైలు. ఈ భవనంలో ఆయన్ని వెనకాల రూళ్లకర్ర అంటారు.

"ఏం చేస్తున్నారు?" అంది ఇన్‌స్పెక్టర్.

"ట్యాంకుకి ఆవిరి పెట్టాలి. లోపలివన్నీ చావాలి. అందుకు పైపులు విప్పాలి. ప్రాణం తీసిన గది ఇది, రూలు ప్రకారం మూడో రోజుకల్లా శుభ్రం చేయించాలి."

"ఒక్క నట్టు కూడా కదలడానికి వీల్లేదు."

"ఇన్‌స్పెక్టర్ గారూ, గ్యాసు సంగతి మా శాఖది. దొంగతనాలూ దొమ్మీలూ మీవి."

"చావులు కూడా మావే. స్పానర్లు కింద పెట్టించండి."

మెకానిక్కులు ఇద్దరి ముఖాలూ చూసి, చెప్పకుండానే స్పానర్లు కింద పెట్టేశారు.

"ఇందులో తేల్చడానికేముంది?" భద్రతాధికారి ఫైలు తెరిచాడు. "ట్యాంకుకి వెళ్లే ఈ రబ్బరు గొట్టం కొత్తది, ఆదివారమే మార్చారు. ఎవరు మార్చారని అడిగితే ఎవరూ నోరు మెదపరు. అంటే ఆవిడే మార్చుకుంది. బిగింపు సరిగ్గా లేక కారింది. పైన అలారం ఉంది. మోత భరించలేక దాని నోరు కూడా ఆవిడే నొక్కేసి ఉంటుంది. చదువుకున్నవాళ్లకి మా అలారాలంటే లోకువ. నా రిపోర్టులో ఒకటే మాట: మృతురాలి అజాగ్రత్త. ఆమె చెల్లెలు సంతకం పెడితే ఈ సాయంత్రానికి పనైపోతుంది."

"చెల్లెల్ని సంతకం అడిగారా?"

"అడిగాను. పెడతానంది."

ఇన్‌స్పెక్టర్ మెకానిక్కు వైపు తిరిగి, బయట వరండాలో కొత్త సిలిండరు తగిలించి పైపులోకి గ్యాసు వదలమంది. ఒక గిన్నెలో సబ్బు నీళ్లు తెప్పించి, రబ్బరు గొట్టం బిగించిన చోట తన చేత్తోనే పూసింది. మోకాళ్ల మీద కూర్చుని చూసింది. సబ్బు నీళ్లు కిందికి జారి చుక్కలుగా పడ్డాయి. ఒక్క బుడగ కూడా లేవలేదు.

మెకానిక్కు కూడా వంగి చూశాడు. "చక్కగా బిగించారు మేడమ్. ఇక్కడ కారే సమస్యే లేదు."

"మరి సోమవారానికి సిలిండరు ఎలా ఖాళీ అయింది?" ఆమె పైకి చూడకుండానే అడిగింది. 

ఆమె పైపు వెంబడే మోకాళ్ల మీద జరుగుతూ ట్యాంకు వెనక్కి వెళ్లింది. అక్కడ గోడ పక్కన, నేలకి జానెడు ఎత్తులో, పైపు నుంచి పక్కకి చీలిన చిన్న వాల్వు ఒకటుంది. మూసే ఉంది. గదిలో మిగతా ఇత్తడి మూతలన్నిటి మీదా తెల్లటి దుమ్ముపొర పేరుకుంది. దీని మూత మీద లేదు. ఎవరో ఈ మధ్యనే తిప్పారు.

"ఇదేమిటి?"

"టెస్టు వాల్వు," అన్నాడు ఆయన. గొంతు ఒక మెట్టు దిగింది. "అలారం పనిచేస్తోందో లేదో చూడాలంటే, దీనికి గొట్టం తగిలించి నైట్రోజన్‌ని అలారం మీదికి ఊదాలి. ఆక్సిజన్ తగ్గిందని అది పసిగట్టాలి."

"ఎవరు ఊదుతారు?"

"మా శాఖ వాళ్లు."

"ఆఖరిసారి ఎప్పుడు?"

"పోయిన నెల. కావాలంటే ఆఫీసులో చూసుకోండి."

తలుపు పైన చిన్న పెట్టె లాంటి అలారం ఉంది. దాని పచ్చ లైటు ఆరుతూ వెలుగుతోంది. "మరి ఇప్పుడది బాగానే ఉందా?"

"లైటు వెలుగుతోంది కదండీ. సోమవారం పొద్దున మాస్కు పెట్టుకుని ఈ గదిలోకి మొదట వచ్చింది నేనే. అప్పుడూ వెలుగుతోంది."

"మొదట వచ్చింది మీరేనా?"

"నా ఉద్యోగం అదే."

ఇన్‌స్పెక్టర్ లేచి మోకాళ్లు దులుపుకుని, గది తలుపు దగ్గర కానిస్టేబుల్‌ని నిలబెట్టింది. "నేను తిరిగొచ్చేదాకా ఈయన లోపల దేన్నీ ముట్టుకోకూడదు," అని భద్రతాధికారి వినేలాగే చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది. పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. మాట్లాడుకోండి, ఫోను పైన బాగా పలుకుతుందని చెప్పి ఆమె మెట్లెక్కింది.

* * *

చెల్లెల్ని ల్యాబులో చిట్టి అంటారు. అక్క దగ్గరే సహాయకురాలిగా పనిచేస్తోంది. ఇన్‌స్పెక్టర్ వెళ్లేసరికి అక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. అక్క కుర్చీలో కాదు, పక్కన ఇంకో కుర్చీ వేసుకుని. బల్ల మీద భద్రతాధికారి కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను ఉన్నాయి. సంతకం ఇంకా పెట్టలేదు.

"చిట్టీ," అంది ఇన్‌స్పెక్టర్. "ఎనిమిదింటి ట్యూబు మీద కాగితం నువ్వే అంటించావు కదమ్మా."

ఆ అమ్మాయి ఉలిక్కిపడలేదు. ఇన్ని రోజులూ ఆ మాట ఎవరు అంటారా అని ఎదురుచూసి అలిసిపోయినట్టు మాత్రం కనిపించింది.

"ఎలా తెలిసింది?"

"మీ అక్క పెంచిన బ్యాక్టీరియా చెప్పాయి. నాలుగింటి మలుపు ఇంకా రాలేదని."

చిట్టి కళ్లు మూసుకుంది. "నాకు తట్టనేలేదు," అంది. "ఇన్నాళ్లు చేసిన పని. ఆ రోజు ఒక్క క్షణం కూడా తట్టలేదు." అక్క కుర్చీ వైపు చూసింది. "అక్కయితే తిట్టేది."

"మధ్యాహ్నం ఏం జరిగింది?"

"సెలవు రోజు కదా మేడమ్, బిల్డింగులో ఎవరూ లేరు. బ్యాక్టీరియాకి సెలవుండదని అక్క వచ్చింది. నేనూ వచ్చాను. మధ్యాహ్నం గొట్టం చిట్లితే నేనే కొత్తది వేశాను. సబ్బు నీళ్లు పెట్టి చూడమని అక్క ఎప్పుడూ చెబుతుంది. ఆకలేస్తోందని చూడకుండా వచ్చేశాను." చిట్టి బల్ల మీది కాగితం అంచు మడిచింది.  "రెండున్నర దాటాక బయటికెళ్లి తినొచ్చాను. అక్కకి టీ తెచ్చాను. మూడున్నర అయ్యుంటుంది. కిందికెళ్లి అద్దంలోంచి చూశాను."

"పడిపోయి ఉంది."

"మొహం అటు తిప్పి ఉంది. నేను తలుపు మీద చెయ్యి వేశాను మేడమ్. వేశాను. గొళ్లెం సగం తిప్పాను." తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆ తలుపు ముందు నిలబెట్టి నాతో ఒట్టేయించుకుంది. లోపల ఎవరు పడిపోయినా వెళ్లకూడదు, నేను పడిపోయినా వెళ్లకూడదు, ముందు గ్యాసు కట్టాలి, ఫ్యాను వెయ్యాలి, ఆగాలి అని. గ్యాసు కట్టేశాను. ఫ్యాను వేశాను. ఆగాను."

"ఎంతసేపు?"

"తెలీదు. అద్దం మీద చేత్తో కొడుతూనే ఉన్నాను. అక్కా, లే, లే అని. టీ మీద మీగడ కట్టేసింది. తర్వాత లోపలికెళ్లాను. ఒళ్లు వెచ్చగానే ఉంది, ఆ గదిలో అన్నీ వెచ్చగానే ఉంటాయి కదా. బతికే ఉందనుకున్నాను. గుండె మీద చెవి పెట్టి చూశాను."

 బయట వరండాలో ఎవరో నవ్వుకుంటూ వెళ్లి, ఈ గది గుర్తొచ్చి టక్కున ఆపేశారు.

"వెంటనే ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"నేనే చంపేశాననిపించింది. ఆ గొట్టం నేను బిగించిందే. నేను పరీక్ష చెయ్యనిదే. పైగా తలుపు బయట నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఎవరికేం చెప్పను? అన్నీ ముందున్నట్టే పెట్టేశాను. ఫ్యాను ఆపాను. గ్యాసు వదిలాను. కాగితం అంటించాను. అయిదింటికి గేటు దగ్గర సంతకం పెట్టి వెళ్లిపోయాను. అక్క ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది కదా, ఎవరూ అడగలేదు." చిట్టి పెన్ను తీసి మూత పెట్టింది, మళ్లీ తీసింది. "ఇంటికెళ్లి అన్నం వండి రెండు కంచాలు పెట్టాను మేడమ్. పెట్టాక గుర్తొచ్చింది."

ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు తీసింది. ఈసారి జలుబు కోసం కాదు.

"ఆ గొట్టం నేను ఇందాకే చూసొచ్చాను," అంది. "సబ్బు నీళ్లు పూసి చూశాను. ఒక్క బుడగ కూడా రాలేదు. నువ్వు బిగించింది బిగించినట్టే ఉంది."

చిట్టి తలెత్తింది. అర్థం కానట్టు చూసింది.

"గ్యాసు వేరే చోట కారింది. ట్యాంకు వెనక టెస్టు వాల్వు ఎవరో తెరిచి వదిలేశారు. నువ్వు ఎనిమిది అన్నావు, మేమందరం సాయంత్రం నుంచి రాత్రి దాకా ఎవరొచ్చారో వెతికాం. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం గురించి నిన్నెవరూ అడగనే లేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రెండున్నరకి నువ్వు తినడానికి వెళ్లేటప్పుడు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. అక్క పైన ఈ గదిలోనే ఉంది, కిందికి ఇంకా దిగలేదు. అంతే... ఆయన తప్ప."

"ఎవరు?"

"భద్రతాధికారి గారు. చేతిలో టెస్టు కిట్టు పట్టుకుని కింది నుంచి మెట్లెక్కి వస్తున్నారు. వాళ్ల దగ్గర వెనక గేటు తాళం ఉంటుంది. టెస్టు అయిపోయింది, ఈ రోజు ఇంకా చాలా తిరగాలి, మీ అక్క సంతకం రేపు తీసుకుంటానని చెప్పి వెళ్లిపోయారు."  తన మాటలు తనకే అప్పుడు వినిపించినట్టున్నాయి. "పోయిన నెలే వచ్చానని అందరితో చెబుతున్నారు కదా. నేను ఆ మాట విన్నాను. విని కూడా నోరెత్తలేదు. మధ్యాహ్నం మాట ఎత్తితే నా సంగతి బయటికి వస్తుందని..."

"నీ అబద్ధం కింద ఆయన తలదాచుకున్నాడు."

చిట్టి సంతకం పెట్టని కాగితాన్ని రెండు చేతులతో దూరంగా నెట్టింది. ఆ తర్వాత అడిగింది. "మేడమ్, నేను తలుపు తీసి లోపలికి వెళ్లుంటే అక్క బతికేదా?"

ఇన్‌స్పెక్టర్‌కు ఆ ప్రశ్న వస్తుందని ఇందాకట్నుంచీ తెలుసు. అబద్ధం చెప్పడం సులువే. ఆమె దగ్గర ఉన్నదల్లా ఒక ట్యూబు. అది మూడింటి వేళ చెబుతుంది, మూడున్నరది చెప్పదు.

"నాకు తెలీదమ్మా," అంది. "ఎవరికీ తెలీదు. నువ్వు వెళ్లుంటే నువ్వు కూడా ఆ నేల మీదే ఉండేదానివి. అది మాత్రం తెలుసు. మీ అక్కకి కూడా తెలుసు, అందుకే ఒట్టేయించుకుంది."

చిట్టి అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి.

* * *

భద్రతాధికారి ట్యాంకు గది బయటే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ వెనకాల చిట్టి కూడా దిగి రావడం చూసి ఫైలు మూశాడు.

"సంతకం అయిందా?"

"కాలేదు," అంది ఇన్‌స్పెక్టర్. మెకానిక్కుతో, "ఆ టెస్టు వాల్వుకి గొట్టం తగిలించి, అలారం మీదికి గ్యాసు ఊదు. తలుపు తీసే ఉంచు, ఫ్యాను తిరగనీ," అంది.

"ఎందుకిప్పుడు?" అన్నాడు భద్రతాధికారి.

"పనిచేస్తోందో లేదో చూద్దామని. లైటు వెలుగుతోందన్నారు కదా."

మెకానిక్కు కర్రకి గొట్టం కట్టి పైకెత్తి పట్టుకున్నాడు. గ్యాసు సుయ్యిమని అలారం మీదికి వెళ్లింది. అందరూ చెవులు రిక్కించారు. పచ్చ లైటు ఆరుతూ వెలుగుతూనే ఉంది. అది మోగలేదు. ఇంకాసేపు పట్టుకున్నా మోగలేదు.

"మోగాలి," అన్నాడు భద్రతాధికారి. రెండడుగులు ముందుకు వేశాడు. "టెస్టులో పెట్టాక పది నిమిషాలకి తనంతట తనే మామూలుకి వచ్చేస్తుంది. రావాలి."

"ఏది టెస్టులో పెట్టారు? ఎప్పుడు?"

ఆయన అలారం వైపు, తర్వాత చిట్టి వైపు చూశాడు.

"ఆదివారం మీరు మెట్లెక్కి వస్తుంటే నేను చూశానండీ," అంది చిట్టి. గొంతులో కోపం లేదు. అది వినడం ఆయనకి ఇంకా కష్టమైనట్టుంది.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. చొక్కా నలుగుతుందని కూడా చూసుకోలేదు. "టెస్టు చేస్తున్నప్పుడు మోత వినలేక అందరూ గోల పెడతారని, టెస్టులో పెడితే లైటు ఒక్కటే వెలిగేలా చేశారు," అన్నాడు మెల్లగా. "ఫోను వచ్చింది. ఇంకో చోట ఆలస్యమైందని. మాట్లాడుతూ బయటికొచ్చేశాను. వాల్వు... సోమవారం లోపలికి వచ్చినప్పుడు తెరిచే ఉంది. చూశాను. మూసేశాను." చేతులతో మొహం కప్పుకున్నాడు. "అలారం మోగే ఉంటుంది, ఆవిడే ఆపేసి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎనిమిదింటి దాకా బతికుందన్నారు. రాత్రి దాకా బతికుంటే వాల్వు వల్ల కాదేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

"ఆవిడ మీద అజాగ్రత్త అని రాశారు."

"రాశాను."

ఇన్‌స్పెక్టర్ తలెత్తి, ఆ ఆరి వెలిగే లైటును చూస్తూ ఉండిపోయింది. ఆదివారం నుంచి ఇది ఇలాగే ఉంది. సోమవారం అందరూ దీని కిందే నిలబడి మాట్లాడారు. ఇందాక తానూ నిలబడింది. 

"పది నిమిషాలకి మామూలుకి రావాలన్నారు. ఎందుకు రాలేదు?"

"పాతవి వచ్చేవి. ఇవి కొత్త రకం. ఈ నెలే..."  చేతులు మొహం మీద నుంచి కిందికి దిగాయి. అప్పటిదాకా ఆయన మొహంలో ఉన్నది సిగ్గు. ఇప్పుడు వచ్చింది వేరే.

"ఈ నెలే ఏమిటి?"

"ఈ నెలే అన్నిచోట్లా ఇవే బిగించాం."

"ఆదివారం ఇంకా చాలా తిరగాలన్నారట. ఎక్కడెక్కడికి వెళ్లారు?"

"మూడు చోట్లకి. ఐస్‌ఫ్యాక్టరీ. మాంసం నిలవచేసే గోడౌను. ఆస్పత్రిలో గ్యాసు సిలిండర్ల గది." పెదవులు తడుపుకున్నాడు. "అన్నిటినీ టెస్టులో పెట్టాను. వాటంతట అవే వస్తాయని వదిలేశాను."

"వాల్వులు?"

"మూశాను." మళ్లీ అన్నాడు, "మూశాననే అనుకుంటున్నాను."

ఇన్‌స్పెక్టర్ ఫోను తీసింది. ఆయన నంబర్లు చెబుతుంటే తొందరలో ఒకసారి తప్పు నొక్కింది. ఐస్‌ఫ్యాక్టరీలో ఎత్తారు. మనుషుల్ని బయటికి పంపి తలుపులు తీయమంది. సరేనన్నారు. గోడౌనుకి ఈ రోజు తాళం వేసి ఉంది, లోపల ఎవరూ లేరు. ఆస్పత్రి నంబరు చాలాసేపు మోగాక ఎవరో కుర్రాడి గొంతు పలికింది.

"గ్యాసు గదా? మా పెద్దాయన లోపలే ఉన్నారండీ. సిలిండర్లు లెక్కపెడుతున్నారు. పిలవనా?"

"ఆగు. లోపలికి వెళ్లకు. అర్థమైందా? తలుపు తీసి లోపలికి వెళ్లకు. బయట నుంచే పిలువు."

"ఎందుకండీ?"

చిట్టి ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఫోను లాక్కుంది. "బయట గ్యాసు కట్టే చక్రం ఉంటుంది, ముందు అది తిప్పెయ్యి," అంది. గొంతు కొంచెం కూడా వణకలేదు. "పక్కన ఫ్యాను స్విచ్చుంటుంది, అది వెయ్యి. తర్వాత తలుపు కొట్టి పిలువు. లోపలికి మాత్రం వెళ్లకు తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను, వెళ్లకు."

ఫోనులో పరుగెత్తుతున్న అడుగులు వినిపించాయి. ఇనుప చక్రం కిర్రుమంది. ఆ తర్వాత తలుపు మీద అరచేత్తో కొడుతున్న చప్పుడు.

"పెద్దాయనా! ఓ పెద్దాయనా!"

నేలమాళిగలో అందరూ ఫోను చుట్టూ చేరి విన్నారు. అవతల తలుపు చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. ఈసారి ఇంకా గట్టిగా. లోపలి నుంచి ఎవరూ పలకలేదు.